ఆ స్విచ్చిని పీకకండి

పాత స్పోర్ట్స్ కారు కొన్నవాడికి అడక్కుండానే దొరికే సలహా ఒకటుంది. లోపలంతా ఊడబెరికి కొత్తది వేయించెయ్, ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఎలా ఉందో అలా ఉండాలి అని. డ్యాష్‌బోర్డు మీద సన్నటి పగులు, అక్షరాలు చెరిగిన స్విచ్చి, నెర్రెలు విచ్చిన గేరు నాబు, పాలిపోయిన రెక్సిన్ అన్నీ ఒకే జాబితాలోకి ఎక్కుతాయి. ఇంజన్ విషయంలో వంద ప్రశ్నలు అడిగే మనిషి కూడా ఇక్కడికొచ్చేసరికి కేటలాగు తెరిచి ఆర్డరు పెట్టేస్తాడు. చిన్న ముక్కలే కదా, పోతే ఏం పోయింది అనుకుంటాడు. వేలంపాటల్లో అమ్మేవాళ్లు కూడా లోపలంతా కొత్తదనే మాటనే ముందు చెబుతారు. నా వాదన దీనికి నేరుగా ఎదురు. పాత కారులో అన్నిటికంటే ఆఖరున, అన్నిటికంటే అయిష్టంగా మార్చాల్సినవి ఆ చిన్న ముక్కలే.

జాగ్వార్ ఈ-టైప్‌ని తీసుకుందాం. 1961 మార్చిలో జెనీవాలో బయటపెట్టిన ఆ కారు పొడవాటి ముక్కు గురించీ, మాల్కమ్ సేయర్ గీసిన ఒంపుల గురించీ రాయనివాడు లేడు. నడిపేవాడికి మాత్రం ఆ ఒంపులు కనిపించేది అంతంతే. అతని కళ్లముందు ఉండేవి స్మిత్స్ వారి స్పీడు మీటరు, ఆర్‌పీఎం మీటరు, మధ్య పలక మీద నాలుగు చిన్న మీటర్లు, వాటి కింద వరసగా టాగుల్ స్విచ్చిలు, ఏది దేనికో చెప్పే అక్షరాల పట్టీ. తొలి కార్లలో ఆ మధ్య పలక అల్యూమినియం. 1963 ప్రాంతంలో దాని స్థానంలోకి నల్ల రెక్సిన్ వచ్చింది. ఆ తర్వాత, 1968 జనవరి నుంచి అమెరికాలో అమలైన భద్రతా నియమాల ధాటికి పొడుచుకొచ్చే టాగుల్ స్విచ్చిలు పోయి బల్లపరుపు రాకర్ స్విచ్చిలు వచ్చాయి. ఆ మార్పు ఒక్క రాత్రిలో జరగలేదు. 1967, 68లలో తయారైన కార్లలో పాత లక్షణాలు కొన్ని, కొత్తవి కొన్ని కలగలిసి కనిపిస్తాయి. అభిమానులు వాటిని సిరీస్ ఒకటిన్నర అంటారు. అది కంపెనీ పెట్టిన పేరు కాదు.

మరి ‘ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు’ అన్న మాటకు ఆధారం ఏది? ఆ కార్ఖానాలో అరలో ఏ ముక్క ఉంటే అది బిగించి పంపిన రోజులున్నాయి. ఒక ఫలానా కారులో ఒక ఫలానా రోజున ఏం బిగించారో చెప్పగలిగేది, అందులో ఇంకా ఊడకుండా మిగిలిన ముక్కే. దాన్ని పీకి, ఎవరో రాసిన పుస్తకం చూసి ‘సరైన’ స్విచ్చి కొని బిగించడం సాక్షిని బయటికి గెంటేసి వాంగ్మూలం మనమే రాసుకోవడం. పైగా అలా బిగించినవాడే రేపు పోటీలో నిలబడి, నా కారు నూటికి నూరుపాళ్లు ఒరిజినల్ అని చెబుతాడు!

ఇంకో సంగతి చెప్పాలి, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఆనాటి చాలా కార్లలో మైళ్ల మీటరు ఐదంకెలదే. 99,999 దాటితే మళ్లీ సున్నాలకొచ్చి కూర్చుంటుంది. అందులో ఇరవై వేలు కనిపిస్తే అది ఇరవై వేలో, లక్షా ఇరవై వేలో మీటరు చెప్పదు. క్లచ్ పెడల్ మీది రబ్బరు చెబుతుంది. గేరు నాబు మీద చెరిగిపోయిన అంకెలు చెబుతాయి. డ్రైవరు సీటు అంచున, దిగేటప్పుడు తొడ రాసుకునే చోట అరిగిన తోలు చెబుతుంది. వైపర్ స్విచ్చి కొత్తదానిలా ఉండి లైట్ల స్విచ్చి అరిగిపోయిన కారు ఎలాంటి ప్రాంతంలో, ఏ వేళల్లో తిరిగిందో కాస్త ఊహించొచ్చు. పెయింట్ ఈ కథ చెప్పలేదు, ఈపాటికి రెండు మూడుసార్లు మారి ఉంటుంది. ఇంజన్ చెప్పలేదు, పిస్టన్లు, బేరింగులు మార్చుకోవడం దాని ధర్మం. మనిషి చెయ్యి రోజూ తగిలిన చోట్లు ఈ చిన్న ముక్కలే. లోపలంతా కొత్తగా చేయించిన కారు కొనేవాడు ఎక్కువ డబ్బిచ్చి తక్కువ సమాచారం కొనుక్కుంటున్నాడు. మైళ్లు దాచాలనుకునే అమ్మకందారుకు ఇంతకంటే ఏం కావాలి?

పోనీ, వేసే కొత్త ముక్క పాతదానికి సమానమా అంటే అదీ అనుమానమే. అసలు అచ్చులు, కొలతల కాగితాలు చాలావాటికి మిగల్లేదు. తయారీదారు ఏం చేస్తాడు? ఎక్కడో దొరికిన పాత ముక్క నుంచి అచ్చు తీస్తాడు. ఆ పాత ముక్క ఏళ్ల ఎండకు అప్పటికే కాస్త వంకరపోయి ఉంటుంది, దాని అచ్చులో పోసిన ప్లాస్టిక్ చల్లారేటప్పుడు ఇంకాస్త కుంచించుకుంటుంది. ఆ తేడా కంటికి కనిపించదు. బిగించబోతే స్క్రూ రంధ్రం దగ్గర తెలుస్తుంది, అప్పుడు రంధ్రాన్ని సాగదీసి, ఆకురాయి పట్టి, బలవంతంగా కూర్చోబెడతారు. మీటరు అంకెల మందం తేడా, రెక్సిన్ మీది గరుకు తేడా, స్విచ్చి నొక్కినప్పుడు వచ్చే టిక్కు తేడా. డూప్లికేట్ అన్న మాట మన మెకానిక్కులు ఊరికే వాడరు.

ఒక్క ముక్కతో ఆగదు కూడా. ఇంట్లో ఒక గోడకు సున్నం వేస్తే మిగతా మూడూ అప్పటికప్పుడు మాసిపోయినట్టు, నిగనిగలాడే కన్సోల్ మూత పక్కన నిన్నటిదాకా బాగానే ఉన్న సీటు ముసలిదైపోతుంది. సీటు మారిస్తే తలుపు పలకలు వెలవెలబోతాయి. అవి మారిస్తే కార్పెట్టు. స్పేర్లు అమ్మేవాళ్లు లోపలి సామాను సెట్లుగా అమ్మడంలో ఈ బలహీనత మీద లెక్క ఉందనే నా నమ్మకం.

డాట్సన్ 240జెడ్ డ్యాష్‌బోర్డు ఈ మొత్తం పిచ్చికి మంచి ఉదాహరణ. 1969 చివర్లో జపాన్‌లో మొదలై అమెరికాను ఊపేసిన కారు అది. దాని డ్యాష్‌బోర్డు ఫోమ్ మీద తొడిగిన వినైల్. వినైల్‌ను మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్ ఎండకు మెల్లమెల్లగా బయటికి పోతుంది. పైపొర బిగుసుకుంటుంది, కింద ఫోమ్ లాగుతుంది, ఒకరోజు పగులుతుంది. పగలని 240జెడ్ డ్యాష్ దొరకడం అరుదు. జనం చేసేదేమిటంటే, డ్యాష్ క్యాప్ అనే పల్చటి ప్లాస్టిక్ తొడుగును జిగురుతో పైన అంటించేస్తారు. పగులు కనపడదు, సరే. కానీ కింద ఉన్న అసలు డ్యాష్ ఆ జిగురుతో దాదాపు బాగుచేయరానిదైపోతుంది. వెంట్ల అంచులు మందంగా, మొరటుగా కనిపిస్తాయి. గోటితో పోయేదానికి గొడ్డలి పట్టడం అంటే ఇదే. పగులు అంచులను కోసి చదును చేసి, సాగే గుణమున్న ఫిల్లర్ నింపి, పైపొర గరుకు ముద్ర అద్ది, రంగు కలిపే పద్ధతి ఉంది. ఓపిక కావాలి. ఎండలో నిలిపినప్పుడు ఒక గుడ్డ కప్పే అలవాటు కావాలి.

బాగుచేయడమంటే ఏదో మంత్రవిద్య కాదు. ఏబీఎస్ ప్లాస్టిక్ పగిలితే అదే ప్లాస్టిక్ తురుమును ఎసిటోన్‌లో కరిగించి, ముద్దగా చేసి వెనకవైపు నుంచి పూస్తారు. ఎసిటోన్ ఆవిరైపోయాక పగులుకు రెండువైపులా ఉన్నది ఒకే పదార్థం. పాలీప్రొపిలీన్ మీద ఇది పనిచేయదు కాబట్టి ముందు కనపడని మూల ఒక చుక్క వేసి చూసుకోవాలి. టాగుల్ స్విచ్చి మొరాయిస్తే చాలాసార్లు తప్పు లోపల గట్టిపడిన గ్రీజుది, నల్లబడిన కాంటాక్టులది. సీటు కుట్లు పోతే కుట్లే వేయాలి, పాత రంధ్రాల్లోంచే దారం తీసుకెళ్లాలి, తోలు జోలికి పోనక్కర్లేదు.

ఇదంతా మనకు కొత్త కూడా కాదు. బ్రిటన్‌లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే చిన్న స్పోర్ట్స్ కారు 1962లో హెరాల్డ్ అనే మామూలు కారు ఛాసీని ఆధారం చేసుకుని పుట్టింది. ఆ హెరాల్డ్‌నే స్టాండర్డ్ కంపెనీ మద్రాసులో తయారుచేసి మన రోడ్ల మీదికి వదిలింది. దిగుమతులకు తాళం పడిన ఆ కాలంలో విరిగిన నాబుకు కొత్తది తెప్పించుకోవడం అనే దారి ఎంతమందికి ఉండేది? షెడ్డులో మేస్త్రీ దాన్ని అతికించేవాడు. ఆ నైపుణ్యాన్ని మనం లేమి కింద జమకట్టి మరిచిపోతున్నాం.

అటువైపు వాదనలో అన్నిటికంటే బలమైనది ఇది. కారు యంత్రం, శిలాశాసనం కాదు. గీసినవాడు దాన్ని మెరవాలనే గీశాడు, పగిలిన నాబు అతని ఊహలో లేదు. నిజమే, లేదు. కానీ అతని ఊహలో డూప్లికేట్ నాబు కూడా లేదు. మెరుపు కావాలంటే శుభ్రం చేయండి, తోలుకు నూనె పట్టించండి, క్రోమ్‌కు పాలిష్ పెట్టండి. ఎవరూ కాదనరు. మురికి చరిత్ర కాదు.

నేను మార్చొద్దనని వాటిని కూడా చెప్పేస్తాను. సీటు బెల్టు నేత ఎండకు చివికిపోతే దాన్ని ఆరాధించడం మూర్ఖత్వం, మార్చాలి. డ్యాష్ వెనక ఇన్సులేషన్ రాలిపోతున్న వైర్లూ అంతే. జింకు మిశ్రమంతో పోతపోసి క్రోమ్ వేసిన పిడులు, చట్రాలు లోపలి నుంచి గుంటలు పడితే వాటికి మళ్లీ పూత వేయించడం చాలా కష్టం. గీకి, రాగి నింపి, నున్నగా చేసేసరికి అంచుల పదును పోతుంది. అక్కడ కొత్త ముక్క వేస్తే నాకు పేచీ లేదు. అసలు ముక్కే లేకపోతే? మజ్దా 2017లో ప్రకటించి, తొలి తరం రోడ్‌స్టర్‌కు జపాన్‌లో మొదలుపెట్టిన పునరుద్ధరణలో నార్డి చెక్క స్టీరింగునూ గేరు నాబునూ మళ్లీ తయారు చేయించింది. మధ్యలో ఎవడో అసలు స్టీరింగు పీకేసి అమ్ముకున్న కారుకు అది వరమే. పోర్షే 2018లో కేవలం 292 తయారైన 959కి క్లచ్ లివరును త్రీడీ ప్రింటింగుతో చేయించింది. అది లేకపోతే కారు కదలదు. పాలిపోయిన నాబుతో కారు కదలకపోదు కదా.

అంతా కొత్తగా మార్చే పిచ్చికి పూర్తి విరుద్ధంగా ఇంకో మూఢత్వం కూడా తయారైంది. కొత్త ముక్కకు ఉప్పుకాగితం రుద్ది, టీ డికాషన్ పట్టించి పాతదిలా చేయడం. దాని గురించి ఎక్కువ మాట్లాడను, అది మోసం, అంతే.

లోకం ఇప్పటికే కొంత కదిలింది. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫివా 2012లో ట్యూరిన్ చార్టర్‌ను ఆమోదించింది. కట్టడాల కోసం 1964లో వచ్చిన వెనిస్ చార్టర్ బాటలో నడిచిన పత్రం అది, ఉన్నదాన్ని కాపాడటానికే దాని మొగ్గు. 1950 నుంచి కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్‌లో జరుగుతున్న పోటీ అద్దంలా మెరిసే కార్లకు పెట్టింది పేరు. అక్కడ 2024 ఆగస్టులో అత్యున్నత బహుమతి 1934 నాటి బుగాటి టైప్ 59కి దక్కింది. ఒకప్పుడు బెల్జియం రాజు మూడో లియోపోల్డ్ దగ్గరున్న ఆ కారుకు రంగు తాజాగా లేదు, లోపల తోలు కొత్తది కాదు. పునరుద్ధరించకుండా కాపాడిన కార్ల తరగతి నుంచి ఒకటి అక్కడ అగ్రస్థానంలో నిలవడం అదే మొదటిసారి. మన దేశంలోనూ 2021లో కేంద్ర రవాణా శాఖ యాభై ఏళ్లు దాటిన వాహనాలకు వింటేజ్ రిజిస్ట్రేషన్ నియమాలు తెచ్చింది. వాహనం అసలు రూపంలో ఉండాలి, ఛాసీకి, బాడీకి, ఇంజనుకు పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు అని షరతు. స్విచ్చిలు, నాబులు, తలుపు పలకలు ఆ షరతులో లేవు. చట్టం చూడని చోటు అది, యజమాని ఇష్టానికి వదిలేశారు.

అందుకే పోటీలు నడిపే క్లబ్బులను నేను అడిగేది ఒక్కటే. జడ్జిల చేతిలోని మార్కుల కాగితంలో, అరిగిన స్విచ్చికి పాయింటు కోసే గడి ఎలాగూ ఉంది. దాని పక్కన ఇంకో గడి పెట్టండి: మార్చిన ప్రతి ముక్కకూ పాతది ఏ తేదీన తీశారో చీటీ కట్టి, డబ్బాలో దాచి ఉంచారా? లేకపోతే రెండు పాయింట్లు కోయండి. చెక్కుచెదరని కొత్త డ్యాష్‌బోర్డు వెనక ఎన్ని డబ్బాలు ఖాళీగా ఉన్నాయో ఒక్క సీజన్‌లో బయటపడుతుంది.