నేటి విశేషము

ఉదయ ప్రార్థనానంతరము ఒక విద్యార్థి ముందుకు వచ్చి "నేటి విశేషము" చదువుట పాఠశాలలయందు వాడుకగా నున్నది. ఈ దినమున ఫలానివారు జన్మించిరి, ఫలాని యుద్ధము ముగిసెను, నేడు ఫలాని పండుగ యని రెండు మూడు వాక్యములు వినిపించును. సాయంకాలమునకు వానిలో నొక్కటియు జ్ఞప్తియందుండదు. ఇట్టిదానివలన ప్రయోజనమేమి, మానరాదా యని కొందరు తలిదండ్రులు ప్రశ్నించుచున్నారు. మానవలదు, బాగుచేసికొనవలెనని నా యభిప్రాయము.

తేదీ యనునది కట్టుకొయ్యవంటిది. దానికి గట్టిన పశువు లేనిచో కొయ్యతో పనియేమి? 1913వ సంవత్సరము మే నెలలో బాపట్లయందు ప్రథమాంధ్ర మహాసభ జరిగెనని మాత్రము చెప్పిన, బాలుడు విని మరచును. నాడు తెలుగు జిల్లాలు మద్రాసు రాజధానిలో నుండెననియు, ప్రత్యేక రాష్ట్రమను విషయము ఆ సభలో చర్చకు వచ్చెననియు, 1952 డిసెంబరు 15వ తేదీని పొట్టి శ్రీరాములుగారు నిరాహారదీక్షలో ప్రాణములు విడిచిరనియు, 1953 అక్టోబరు 1వ తేదీని ఆంధ్రరాష్ట్ర మేర్పడెననియు వరుసగా చెప్పినచో, విడివిడి తేదీలు కలిసి యొక్క కథ యగును. ఒక కోరిక నెరవేరుటకు నలువదేండ్లు పట్టెనని తెలిసిన బాలునకు ఓర్పన నేమో కూడ తెలియును.

రెండవది, దూరదేశముల విశేషములు వినవలసినదే కాని, మన కాలిక్రింది నేలను మరువరాదు. తెనాలిలో రణరంగచౌకు మీదుగా ప్రతిదినము బడికి పోవు పిల్లలెందరో కలరు. 1942 ఆగస్టు 12వ తేదీని క్విట్టిండియా ఉద్యమ సందర్భమున పోలీసు కాల్పులలో ఏడుగురు ప్రాణములు గోల్పోయిరనియు, వారి స్మారకమే యచ్చట నున్నదనియు ఎందరెరుగుదురు? తెనాలినుండి రేపల్లెకు పోవు రైలుమార్గమున భట్టిప్రోలు కలదు. 1892లో అలెగ్జాండరు రీ గారచ్చటి బౌద్ధస్తూపమును త్రవ్వించినపుడు, అక్షరములు చెక్కిన రాతి భరిణెలు బయల్పడినవి. క్రీస్తుకు పూర్వపు బ్రాహ్మీలిపి యది. లోకమంతయు పండితులు చదువుకొను అక్షరములు మన రైలుస్టేషను చెంత దొరకినవని మన పిల్లలకు చెప్పువారేరీ?

మూడవది, పుస్తకములలో లేని చరిత్ర యింటిలో నుండును. 1977 నవంబరు 19వ తేదీ తుపాను పదివేలమందికి పైగా బలిగొన్నది. దివిసీమతోపాటు రేపల్లె, బాపట్ల తీరగ్రామములును దెబ్బతినినవి. నాడు నీరెంతవరకు వచ్చెనో, ఎచ్చట దలదాచుకొనిరో చెప్పగల తాతలు, అవ్వలు నేటికిని కొందరున్నారు. రేపుండకపోవచ్చును. సముద్రతీరవాసులకు ఇది కాలక్షేపపు కబురు గాదు. మరియొక తుపాను నాడు ప్రాణము నిలుపగల విద్య. నవంబరు 19న చదువవలసిన విశేషమును ఆ పెద్దలనడిగియే వ్రాయవలెను.

ఇక పండుగల మాట. ఆగస్టు 29 గిడుగు వేంకటరామమూర్తి పంతులుగారి జన్మదినము, తెలుగు భాషా దినోత్సవము. 1863లో జన్మించిన ఆ మహనీయులు ప్రజలు మాటలాడు భాషకు బడిలో పీట వేయవలెనని జీవితాంతము వాదించిరి. సవరల భాషను నేర్చి, వారి బిడ్డలకై పుస్తకములు వ్రాసిరి. ఇట్టి గ్రాంథికమున వారిని బొగడుట చూచి చదువరులు నవ్వుకొందురేమో! నవ్వినను మేలే. కాని ఆనాడు పూలమాల వేసి, మరునాడు సముద్రపుటొడ్డు పల్లెనుండి వచ్చిన పిల్లవాని యాసను గేలిసేయుదుమేని, ఆ మాలకు విలువ లేదు.

జూలై 31ని గూడ నిట్లే తలపవలెను. 1842లో నాడు హేయర్ దొరగారు గుంటూరు చేరి, పిదప పాఠశాలలు నెలకొల్పిరి. వారిని స్మరించునపుడు, ఆ బడులకు మొట్టమొదట బిడ్డలను బంపిన పేరెరుగని తలిదండ్రులను గూడ స్మరించుట ధర్మము.

కడపటిది సత్యము. తెనాలి రామకృష్ణుని జన్మదినమేది యని యడిగిన, తెలియదనుటయే సరియైన యుత్తరము. పాండురంగమాహాత్మ్యము వారి రచన. వారిపేర చెప్పుకొను హాస్యకథలన్నియు చరిత్ర గావు. తెలియనిదానిని తెలియదని సభలో నిలిచి చెప్పగల ధైర్యమును ఏ పరీక్షయు నేర్పదు.

కావున ఉపాధ్యాయులకు నా విన్నపమిది. నెలకొక తరగతికి ఈ పని నప్పగింపుడు. వ్రాసిన ప్రతి విశేషమును రెండు గ్రంథములతో సరిచూడనిండు; అది యేల జరిగెనో యొక వాక్యమైనను చేర్పనిండు; వారమున కొకటియైనను మన యూళ్లదిగా నుండనిండు. తలిదండ్రులారా, రాత్రి భోజనవేళ "నేటి విశేషమేమి?" అని మీ బిడ్డలనడుగుడు. చెప్పలేకపోయినచో మీకు తెలిసినదొకటి మీరే చెప్పుడు.