108 వాహనంలో రోగి ఊపిరికి కొలత ఏది?

నరసరావుపేట: మాచర్ల నుంచి నరసరావుపేటకు దాదాపు 80 కిలోమీటర్లు. గుంటూరు పెద్దాసుపత్రికి 120 పైనే. 2022 ఏప్రిల్‌లో పల్నాడు ప్రత్యేక జిల్లా అయింది గాని రోడ్డు పొడవు తగ్గలేదు. ఊపిరాడని రోగిని ఆ దారిన తీసుకుపోయేటప్పుడు అతని శ్వాసను దేనితో కనిపెడుతున్నారన్నది పల్లె ప్రజలు అడగవలసిన ప్రశ్న.

కరోనా రోజుల్లో వేలికి తగిలించే ఆక్సీమీటరు ఊరూరా తెలిసింది. రక్తంలో ప్రాణవాయువు ఎంత ఉందో అది చెబుతుంది. అయితే ఆక్సిజన్ పెట్టి ఉన్న మనిషికి శ్వాస ఆగినా ఆ అంకె కొన్ని నిమిషాల దాకా బాగానే కనబడవచ్చు. అది పడిపోయేసరికి వ్యవధి మించిపోతుంది. క్యాప్నోగ్రాఫ్ అనే యంత్రం అలా కాదు. వదిలే ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును ప్రతి శ్వాసకూ కొలిచి గీతగా చూపుతుంది. బి.పి. మాదిరే పాదరసం కొలతలో మామూలుగా 35 నుంచి 45 ఉండాలి. శ్వాస ఆగితే గీత వెంటనే చదునవుతుంది.

కట్లపాము సంగతి మనవారికి తెలిసిందే. రాత్రి నేలమీద పడుకున్నవారిని కరిస్తే నొప్పి కూడా పెద్దగా ఉండదు. తెల్లారేసరికి రెప్పలు వాలతాయి, మాట ముద్దవుతుంది, ఆపైన ఊపిరి తీసే కండరాలే పనిచేయవు. విరుగుడు ఇంజెక్షను ఇచ్చినా ఇది వెంటనే తగ్గదు, కృత్రిమ శ్వాసే దిక్కు. మిరప, పత్తి చేలలో మందు కొడుతూ విషం ఒంటికి పట్టినవారి పరిస్థితీ ఒక్కోసారి ఇంతే. అలాంటివారికి గొంతులో గొట్టం వేస్తారు. అది వాయునాళంలోకి కాక అన్నవాహికలోకి పోతే గాలంతా పొట్టలోకే. సరిగా పడినా కుదుపులకు జారవచ్చు. గతుకుల రోడ్డుమీద, సైరను మోతలో స్టెతస్కోపుకు ఏం వినబడుతుంది? పొట్టలోంచి బొగ్గుపులుసు వాయువు వరసగా రాదు కనుక గీత లేకుంటే ముందు గొట్టాన్ని అనుమానించాలి. అమెరికా హృద్రోగ సంఘం 2010లోనూ, మన దేశపు మత్తు వైద్య నిపుణులు 2016లోనూ ఈ పరీక్షనే సిఫారసు చేశారు.

అయితే గుండె ఆగినవారిలో రక్తం ఊపిరితిత్తులకు చేరక, గొట్టం సరిగా ఉన్నా అంకె తక్కువ రావచ్చు. గీత చదవడం తెలిసిన మనిషి ఉండాలి. యంత్రం కొని మూలన పడేయడం మనకు కొత్త కాదుగా!

2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 సేవ ఎన్నో ప్రాణాలు నిలిపింది. 2020 జూలై 1న విజయవాడలో ప్రారంభించిన 412 కొత్త 108 వాహనాల్లో వెంటిలేటరు ఉన్నవి కొన్నే. వెంటిలేటరు గాలి పంపుతుంది, ఆ గాలి చేరవలసిన చోటికి చేరిందీ లేనిదీ చెప్పేది ఈ కొలతే. జిల్లాలో ఎన్ని వాహనాల్లో ఇది ఉందో, సిబ్బందిలో ఎందరికి నేర్పారో వైద్య ఆరోగ్య శాఖ ప్రకటించాలి. ఆరోగ్య కేంద్రాలకు పెద్ద యంత్రం ఇవ్వలేకపోతే గొట్టానికి తగిలించే చిన్న పరికరం ఒకటుంది. బొగ్గుపులుసు వాయువు సోకితే అందులోని ఊదారంగు కాగితం పసుపు పచ్చగా మారుతుంది. కరెంటు అక్కరలేదు. మాచర్ల, గురజాల వైపు ముందు అదైనా పంపవచ్చు.