బొమ్మ భద్రం... ఇల్లు మారుతున్నాం!

ఈ వారం ఉత్తరాల కట్టలో ఓ ఉత్తరం దగ్గర ఆగిపోయాను. రాజమండ్రి నుంచి ఓ చెల్లాయి రాసింది. వచ్చే నెల వాళ్లు హైదరాబాద్‌కి మకాం మారుస్తున్నారట. వాళ్ల తాతయ్య సినిమా హాళ్లకి బ్యానర్లు గీసేవారట. ఆయన కాన్వాసు మీద ఆయిల్ రంగుల్లో వేసిన సావిత్రి బొమ్మ ఒక్కటే ఇంట్లో మిగిలిందట. "అన్నయ్యా, దాన్ని లారీలో ఎలా పంపాలి?" అని ప్రశ్న.

మంచి ప్రశ్నే వేశావమ్మా! అచ్చేసిన పోస్టరైతే చిరిగినా ఇంకోటి ఎక్కడో దొరుకుతుంది. చేత్తో గీసిన బొమ్మకి సెకండ్ రిలీజ్ లేదు సుమా!

నా నిర్వాకం చెబుతాను, నవ్వకండి. 1993లో మద్రాసు నుంచి మకాం ఎత్తేసినప్పుడు, ఓ మిత్రుడు వేసిచ్చిన ఆయిల్ పెయింటింగుని పాలిథిన్ కాగితంలో బిగించి చుట్టాను. మే నెల ఎండలో లారీ ఎక్కించాను. ఇక్కడికొచ్చి విప్పితే ఏముంది? కాగితంతో పాటు బొమ్మ బుగ్గ మీది రంగు కూడా ఊడొచ్చింది! మిత్రుడు అప్పటికే పోయాడు. మళ్లీ వేసిపెట్టమని ఎవర్ని అడగను?

అందుకే మొదటి మాట. రంగుకి ప్లాస్టిక్ తగలకూడదు. వేడికి రంగు, వార్నీషు మెత్తబడి అంటుకుంటాయి. బుడగల ప్లాస్టిక్ నేరుగా చుడితే బుడగల అచ్చులు బొమ్మ మీద పడతాయి. పాత న్యూస్‌పేపరూ వద్దు, సిరా అంటుతుంది. బొమ్మ మీద ముందు నున్నటి గ్లాసీన్ కాగితం కప్పండి. నాలుగు మూలలకీ అట్టముక్కలు మడిచి తొడగండి. ముందూ వెనకా గట్టి అట్టలు పెట్టి, ఆ పైన బుడగల ప్లాస్టిక్ చుట్టండి.

అద్దం ఉన్న ఫ్రేములకి అద్దం మీద అడ్డంగా, ఏటవాలుగా మాస్కింగ్ టేపు అతికించండి. పగిలినా ముక్కలు రాలి బొమ్మని చీల్చవు. టేపు ఫ్రేముకి మాత్రం తగలనివ్వకండి, పాలిష్ లేచిపోతుంది. తంజావూరు బొమ్మలున్నవాళ్లూ ఇలాగే చెయ్యండి.

పాత పోస్టర్లని మడతపెట్టకండి, మడత దగ్గరే చిరుగుతాయి. లావుపాటి అట్టగొట్టానికి వదులుగా చుట్టండి. రంగుసుద్దతో, బొగ్గుతో గీసినవైతే ప్లాస్టిక్ దగ్గరికే రానివ్వకండి. ఆ పొడిని అది లాగేసుకుంటుంది.

లారీలో ఫ్రేముల్ని ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే కింది అద్దం గోవిందా! బీరువాలో పుస్తకాల్లా నిలబెట్టండి. ముఖానికి ముఖం, వీపుకి వీపు ఆనించండి. ఒకదాని కొక్కెం ఇంకోదాని ముఖాన గుచ్చుకోదు. మధ్యలో దుప్పట్లు దూర్చండి. అట్టపెట్టె మీద 'అద్దం - జాగ్రత్త' అని పెద్దక్షరాలతో రాసి, పైకి బాణం గుర్తు వెయ్యండి. అన్నిటికంటే ముందు ప్రతి బొమ్మకీ ముందూ వెనకా ఫోనులో ఫోటో తీసుకోండి. దెబ్బ తగిలితే పాతదో కొత్తదో తగువుండదు.

చేరిన వెంటనే ప్యాకింగు విప్పండి. నెలల తరబడి ప్లాస్టిక్‌లోనే ఉంచితే చెమ్మ చేరి బూజు పడుతుంది.

ఇక చెల్లాయీ, నీ సంగతి. ఇంత చెప్పినా, ఆ ఒక్క బొమ్మనీ లారీ ఎక్కించకు. కారులో వెళ్తే వెనక సీటు దానికిచ్చెయ్, డిక్కీలో వేడికి పెట్టకు. అంచులు పట్టుకుని ఎత్తు, ముందు వైపు వేలు తగలనివ్వకు. మంచాలు, బీరువాలు ఎక్కడ పెట్టాలన్నది తర్వాత తేల్చుకోవచ్చు. కొత్తింట్లో మొదటి మేకు మాత్రం తాతయ్య బొమ్మకే కొట్టాలి. ఎండ పడని గోడ చూసి కొట్టు.

కొట్టాక ఓ ఉత్తరం ముక్క రాయి. అప్పటిదాకా ఈ అన్నయ్యకి నిద్ర పట్టదు!