అమ్మలకూ ఓ స్టాప్‌వాచీ ఇవ్వండి

జనగామ దగ్గర ఒక మండల స్థాయి స్కూలు ఆటల పోటీలకు మా అమ్మాయి వెంట వెళ్లాను. ఊరి పేరు చెప్పను, చెప్పాల్సిన అవసరమూ లేదు. ఏ మండలంలో చూసినా ఇంచుమించు ఇదే వరస. చెట్టు నీడన ఓ ముప్పై మంది తల్లులం కూర్చున్నాం. కొందరి ఒళ్లో టిఫిను డబ్బాలు, కొందరి ఒళ్లో పిల్లల చెప్పులు. మైదానంలో సున్నంతో గీతలు గీసిందీ, విజిల్ ఊదిందీ, పేర్లు పిలిచిందీ, కళ్లు తిరిగి పడిన పిల్ల ముఖాన నీళ్లు చల్లిందీ, అంతా ఇద్దరంటే ఇద్దరు పీఈటీ సార్లే.

ఆడపిల్లల వంద మీటర్ల పరుగు మొదలైంది. ఆరుగురు పరుగెత్తారు. మొదటి పిల్ల ఎవరో అందరికీ కనిపించింది. తర్వాతి ఇద్దరూ భుజాలు రాసుకుంటూ గీత దాటారు. పై పోటీలకు వెళ్లేది ఇద్దరే. గీత దగ్గర సారు ఒక్కరే, ఆయన చేతిలో వాచీ ఒక్కటే. ఆ వాచీ మొదటి పిల్లకే సరిపోయింది. "నా బిడ్డ ముందొచ్చింది" అని ఒకామె, "కండ్లు కనపడ్తలేవా, మా పిల్లనే ముందు" అని ఇంకొకామె. పావుగంట గొడవ. చివరికి సారు ఒక పేరు రాసుకున్నారు. పేరు పోయిన పిల్ల ఏడవలేదు. గేటు దాకా నడిచివెళ్లి గోడవైపు తిరిగి నిలబడింది. నిజంగా ఎవరు ముందొచ్చారో ఈ రోజుకీ ఎవరూ చెప్పలేరు.

సారును తప్పుపట్టబుద్ధి కాలేదు. మనిషికి ఉండేవి రెండే కళ్లు. నన్ను కుదురుగా ఉండనివ్వనిది వేరే సంగతి. చెట్టు కింద అరవై కళ్లు ఖాళీగా ఉన్నాయి.

మంచుకొండల వాలున స్కీ పందేలు టీవీలో చూసే ఉంటారు. పాతిపెట్టిన కర్రల మధ్యనుంచి వంకర్లు తిరుగుతూ కిందికి జారాలి, ఒక్క జత కర్రలు తప్పినా పందెంలో లేనట్టే. చిన్నపిల్లల పందేల్లో ఆ కర్రల దగ్గర కాగితం పట్టుకుని చలికి వణుకుతూ కాపలా ఉండేది చాలాచోట్ల పిల్లల అమ్మానాన్నలే. నార్వేలో ఇలా అందరూ కలిసి కూలి లేకుండా చేసే పనికి 'దుగ్నాడ్' అని ఓ మాటే ఉంది. మంచు మనకు లేదు కాబట్టి పరుగు పందేల సంగతే చూద్దాం. ఆస్ట్రేలియాలో జీలాంగ్ అనే ఊళ్లో పెద్దవాళ్ల పోటీలకు వచ్చిన ముగ్గురు పిల్లల్ని మీరు చిన్నవాళ్లంటూ వెనక్కి పంపేశారట. అది మనసుకు తగిలిన ట్రెవర్ బిల్లింగ్‌హాం అనే ఆయన 1964లో శనివారం పొద్దుటిపూట పిల్లలకే పోటీలు మొదలుపెట్టారు. ఇవాళ దాన్నే 'లిటిల్ అథ్లెటిక్స్' అంటున్నారు. ఇసుక గుంట చదును చేయడం, టేపు పట్టడం, వాచీ నొక్కడం, అన్నీ తల్లిదండ్రులు వంతులవారీగా చేసుకునే పనులు.

మనకు ఇది తెలియనిదేం కాదు. బతుకమ్మ నాడు చెరువుకట్ట ఎవరు ఊడ్చాలో, పెళ్లింట్లో ఎసరు ఎవరు పెట్టాలో ఒకరు చెప్పాలా? పిల్లల ఆటల దగ్గరికి వచ్చేసరికే మనం చుట్టాలమైపోతాం. మహా అయితే మంచినీళ్లు అందించమంటారు, లేదంటే అతిథులకు బొట్టు పెట్టమంటారు.

అది చదువుకున్నవాళ్ల పని కదా అనే సందేహం నాకూ ఉండేది. తెలుసుకుంటే తేలిందేమిటంటే, అరగంటలో నేర్పదగ్గ పని అది. పరుగు పందెంలో చేతి వాచీతో సమయం తీసేటప్పుడు మొదటి స్థానానికి మూడు వాచీలు ఉండటం పద్ధతి. మూడింట్లో రెండు ఒకే అంకె చూపిస్తే అదే లెక్క. మూడూ మూడు రకాలుగా చూపిస్తే మధ్యది లెక్క. రెండే వాచీలుండి తేడా వస్తే ఎక్కువ సమయం చూపినది తీసుకోవాలి. ఇంకో కిటుకుంది. మొదలు దగ్గర చెక్కలు కొట్టినా, తుపాకీ పేల్చినా ఆ చప్పుడు విని వాచీ నొక్కకూడదు, చెక్కల్ని గానీ తుపాకీ పొగను గానీ చూసి నొక్కాలి. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లే పోతుంది. వంద మీటర్ల దూరం రావడానికి సెకనులో మూడు పదో వంతులు పడుతుంది. చెవిని నమ్ముకుంటే పిల్ల ఖాతాలో లేని వేగం పడుతుంది. కుక్కర్ కూతలు లెక్కపెడుతూ ఫోన్లో మాట్లాడుతూ పాలు పొంగకుండా చూసుకునే మనకు ఇది అంత కష్టమా?

ఒక నియమం మాత్రం గట్టిగా ఉండాలి. ఏ తల్లీ తన బిడ్డ పరుగెత్తే పందెంలో వాచీ పట్టకూడదు, గీత దగ్గర నిలబడకూడదు. నేనైనా సరే. ఆ పావుగంట గొడవలో నా పిల్ల ఉండి ఉంటే నేనూ ఆ ఇద్దరిలాగే అరిచేదాన్ని.

మైదానంలో ఆడవాళ్లు ఉండాలనడానికి వాచీని మించిన కారణం ఉంది. ఏడో తరగతి దాకా గంతులేసిన ఆడపిల్లలు తొమ్మిదికి వచ్చేసరికి బెంచీ మీద కూర్చుంటారు. ఇష్టం పోయి కాదు. బట్టలు ఎక్కడ మార్చుకోవాలి, బయట చేరితే ఎవరికి చెప్పుకోవాలి, ప్యాడ్ ఎవరినడగాలి, ఇవీ వాళ్ల ప్రశ్నలు. ఎంత మంచి సారైనా మగ సారును ఆ మాట అడగలేరు. మహదేవపూర్, పలిమెల వైపు నుంచి భూపాలపల్లికి పోటీలకు వచ్చిన పిల్ల తిరిగి ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. వెంట ఓ పెద్దామె ఉంటే తండ్రి పంపుతాడు, లేకపోతే "ఇగ చాలుతీ ఆటలు" అంటాడు. ఆ తండ్రిని తిట్టడం తేలిక. లైంగిక వేధింపుల నుంచి పిల్లలకు రక్షణగా పోక్సో చట్టం 2012లో వచ్చింది. కానీ బస్సులో పిల్ల పక్కన కూర్చునేది చట్టం కాదు కదా.

పోటీల రోజున సరైన చూపు ఒకటి పడితే ఏమవుతుందో మన పక్కనే ఉంది. మానుకోటకు మరీ దూరం కాని పర్వతగిరి మండలం కల్లెడ పిల్ల దీప్తి జీవాంజి. మేధోపరమైన ఇబ్బందితో పుట్టింది, ఊళ్లో వెక్కిరింతలు పడింది, తల్లిదండ్రులు కూలి చేసి పెంచారు. స్కూలు పోటీల్లో ఆ పరుగు కోచ్ నాగపురి రమేశ్ కంట పడింది. హైదరాబాద్ పంపాలంటే బస్సు చార్జీలకే తడుముకున్న ఇల్లది. 2024 మేలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డుతో బంగారు పతకం తెచ్చింది. సెప్టెంబర్‌లో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం. ఆ పందెంలో మొదటి ఇద్దరి మధ్య తేడా సెకనులో 7 వందో వంతులు. అంత సన్నని లెక్క దాకా వెళ్లాల్సిన పిల్లల్ని మనం మొదటి మెట్టు మీదే కంటి అంచనాతో ఏరేస్తున్నాం. ఆ రోజు ఆ చూపు పడకపోతే? అలా పడకుండా పోయిన పిల్లలెందరో!

ఇన్ని మాటలు చెప్పి మానుకోట దగ్గర ఓ ఊళ్లో మిరపతోటకు వెళ్లే ఒకామెతో అన్నాను, పోటీల రోజు నువ్వూ రావచ్చు కదా అని. ఆమె నవ్వింది. "పిల్ల ఉరుకుతుంటె చూడాలని నాకు మాత్రం ఉండదా అక్కా? గని ఆ దినం కూలి పోతె ఎవలిస్తరు?" నా దగ్గర జవాబు లేదు. మంచు దేశాల తల్లికి శనివారం సెలవు. మన పోటీలు పత్తి ఏరే రోజుల్లో, మిరప కోసే రోజుల్లో వచ్చిపడతాయి. 2024లో సీఎం కప్ ఊళ్ల నుంచి మొదలైంది సరిగ్గా డిసెంబర్‌లోనే. స్వచ్ఛంద సేవ అనే మాట నోటికి తియ్యగా ఉంటుంది కానీ, కూలి పోగొట్టుకునే తల్లికి అది జరిమానా. కాబట్టి వచ్చిన తల్లికి పోటీల ఖర్చులోంచి ఆ రోజు కూలి, బస్సు చార్జీ, పూట భోజనం ఇవ్వాలి. అతిథుల శాలువాలు మానేస్తే ఆ డబ్బు దానికదే వస్తుంది. కూలి ఇస్తే సేవ ఎట్లవుతుందంటారా? పేరు ఏదైనా పెట్టుకోండి, మనిషి మైదానంలో ఉండాలి. భూపాలపల్లి సింగరేణి కాలనీల్లో అయితే రాత్రి షిఫ్టు దిగి వచ్చిన తండ్రులు కూడా కాస్త నిద్రపోయి మధ్యాహ్నానికి టేపు పట్టొచ్చు. ఇది ఆడవాళ్ల పనిగానే మిగిలిపోతే ఇంటి చాకిరీకి మైదానం చాకిరీ తోడైనట్టే.

ఇంకో భయముంది, దాన్ని దాచను. అమ్మలు వచ్చారు కదా అని పీఈటీ పోస్టు ఖాళీగా ఉంచేస్తారేమో! విద్యాహక్కు చట్టం 2009లోనే బడికి ఆటస్థలం ఉండి తీరాలంది. ఆరు నుంచి ఎనిమిది తరగతులున్న బడిలో వంద మందికి పైగా పిల్లలుంటే వ్యాయామానికి పార్ట్‌టైం బోధకులనైనా పెట్టాలంది. మనం చేసే సాయం ఆ బాకీకి చెల్లు కాకూడదు. పరుగు నేర్పడం, కండరం పట్టేస్తే సరిచేయడం మన వల్ల అయ్యే పనులు కావు. మనం చేయగలిగేది చూడటం, కొలవడం, రాయడం, పిల్లల పక్కన ఉండటం.

2025 ఆగస్టులో రాష్ట్ర క్రీడా విధానం వచ్చింది. దాంతో పాటు పారిశ్రామికవేత్తలు, పేరున్న క్రీడాకారులు ఉన్న బోర్డు కూడా వచ్చింది. రావలసిందే, పెద్ద పనులకు పెద్దవాళ్లు కావాలి. మండల మైదానం సంగతి చూడటానికి మాత్రం కొత్త బోర్డు అక్కర్లేదు. 2024లో బడులకు మరమ్మతులు చేయించడానికి మహిళా సంఘాలతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేశారు. మరుగుదొడ్లు, నీళ్లు, కరెంటు పనులు అమ్మల చేతిలో పెట్టారు. గోడ సున్నానికి పనికొచ్చిన అమ్మ మైదానంలో సున్నం గీత దగ్గర పనికిరాదా? అదే కమిటీ ఆటల పోటీలకు నెల ముందే ఓ జాబితా వేసి, పీఈటీ సారు చేత ఒక పూట నేర్పించవచ్చు.

ఊరికే రాయడం ఎందుకని మా అమ్మాయి బడిలో ఆటల రోజుకు అయిదుగురం తల్లులం ముందుగానే అడిగాం. సారు సంతోషంగా ఒప్పుకున్నారు. స్టాప్‌వాచీ ఒకటే ఉంటే మిగతావి ఫోన్లతో కానిచ్చాం. మొదటి రెండు పరుగుల్లో నా అంకె అందరికంటే తక్కువ వచ్చింది. "మేడం, చప్పుడు వింటున్నారు మీరు. చెక్కను చూడండి" అన్నారు సారు. మూడోసారికి కుదిరింది.

పరుగయ్యాక ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె ఒగరుస్తూ నా దగ్గరికొచ్చింది. ఆమె నాలుగో స్థానం, బహుమతి ఏమీ లేదు. "ఆంటీ, నాది ఎంతొచ్చింది?" అంది. మూడు ఫోన్లలో మధ్య అంకె చూసి చెప్పాను, 16.3 అని. పోయినేడు ఎంతొచ్చిందని అడిగాను.

"ఏమో ఆంటీ, పోయినేడు ఎవ్వరూ రాయలే" అని, కాగితం మీద తన పేరు పక్కన ఆ అంకె సరిగ్గా పడిందో లేదో వంగి చూసుకుంది.