చీటీల సంచి

ఆర్మూరు ప్రాంతంలో పసుపు పండించే ఇంటికి వెళ్ళి పాత తక్‌పట్టీ చూపించమనండి. ఎన్ని బస్తాలు, ఎంత తూకం, ఏ ధర అన్నీ ఉన్న ఆ కాగితం పెట్టె అడుగున భద్రంగా ఉంటుంది. అదే ఇంట్లో పెద్దావిడకు నిరుడు ఏ మందు పడలేదో అడగండి. "ఏదో ఎర్ర గోళీ" అంటారు! ఆ చీటీ ఏ సంచిలో ఉన్నదో ఎవరికీ తెలియదు.

ఇది నవ్వి ఊరుకునే విషయం కాదు. రక్తం గడ్డకట్టకుండా వార్‌ఫరిన్ వాడుతున్న పెద్దాయన మోకాళ్ళ నొప్పులని మరో ఊళ్ళో చూపించుకున్నారనుకోండి. పాత మందు సంగతి తెలియక అక్కడి డాక్టరు నొప్పి గోళీ ఇస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు. ఆర్మూరులో రాసిన మందు నిజామాబాదులో తెలియదు, అక్కడ చేసిన పరీక్ష హైదరాబాదులో తెలియదు. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

ఈ చిక్కు తీర్చడానికే రోగి చరిత్రను కంప్యూటరులో రాసిపెట్టే పద్ధతి వచ్చింది. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వారు 2010 దశకంలోనే 'ఐస్మార్ట్' అనే సొంత పద్ధతిని వాడుకలోకి తెచ్చారు. దేశం మొత్తానికీ ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021 సెప్టెంబరు 27న మొదలైంది. ఇందులో మనిషికొక 14 అంకెల 'ఆభా' నంబరు ఇస్తారు. డబ్బు కట్టనక్కరలేదు, బలవంతమూ లేదు. వైద్యం ఖర్చు భరించే ఆయుష్మాన్ కార్డు వేరు, ఇది వేరు.

దీనివల్ల లాభమేమిటంటారా? చేసిన పరీక్షే మళ్ళీ చేయించుకునే ఖర్చు రోగికి తగ్గుతుంది. డాక్టరుకు ఇవాళ్టి షుగరు ఒక్కటే కాక, అది ఏడాది పొడుగునా ఎట్లా నడిచిందో, మూత్రపిండాలు ఎట్లా పనిచేస్తున్నవో కళ్ళ ఎదుట ఉంటే మోతాదు నిర్ణయించడం తేలిక. చేతిరాత బోధపడక మందు తారుమారయ్యే బాధా తగ్గుతుంది.

మరి మన గుట్టు పదిమందికీ తెలియదా? రికార్డు తయారైన ఆసుపత్రిలోనే ఉంటుంది. మీరు ఒప్పుకుంటేనే మరొక డాక్టరు చూడాలన్నది నియమం. అందుకని ఫోనుకు వచ్చే ఓటీపీ అడిగిన వారికల్లా చెప్పకండి.

అయితే ఎంత మంచి కంప్యూటరైనా మనం చెప్పనిది రాసుకోదు. పైగా ఆసుపత్రులన్నీ ఇంకా ఈ గొలుసులో చేరలేదు. కాబట్టి ఈ ఆదివారం ఇంట్లో ఒక్కొక్కరి పేరనా ఒక కాగితం రాయండి: పడని మందులు, రోజూ వాడే మందులు, పాత జబ్బులు, ఆపరేషన్లు. దానిని ఫోనులో ఫోటో తీసి ఉంచుకోండి. డాక్టరుగారి ముందు కూర్చోగానే మొదట అది చూపించి, తరువాత జబ్బు సంగతి చెప్పండి.