గంటకు 60 టన్నులు... ఏ మంచు?

మా అక్కావాళ్లు ఉండేది అమెరికాలోని బఫెలోలో. ఈరీ సరస్సు మీదుగా వచ్చే గాలికి అక్కడ ఒక్కోసారి నడుముల్లోతు మంచు పడుతుంది. పోయిన చలికాలం బావ ఒక స్నో బ్లోయర్ కొన్నారు, వెనకాల నడుస్తూ నడిపే రకం. డబ్బా మీద 'గంటకు 60 టన్నులు' అని ఉందని వీడియో కాల్‌లో మురిసిపోతూ చూపించారు. మనం మెకానికల్ కదా, ఆ అంకె చూసి ఊరుకోలేకపోయాను.

లెక్క పెద్దదేం కాదు. మెషిన్ వెడల్పు, మంచు లోతు, నడక వేగం, మంచు సాంద్రత, ఈ నాలుగూ గుణిస్తే చాలు. వెడల్పు 60 సెంటీమీటర్లు, లోతు 25, నడక సెకనుకు అర మీటరు అనుకుందాం. గంటకు 270 ఘనపు మీటర్లు. అప్పుడే పడిన పొడి మంచు ఘనపు మీటరుకు సుమారు 100 కిలోలు. అంటే 27 టన్నులు! అమెరికా టన్ను మనదానికంటే కాస్త చిన్నదే, అయినా డబ్బా మీది అంకె అందాలంటే బావ దాదాపు రెట్టింపు వేగంతో నడవాలి. తడి మంచయితే 300 కిలోలు కూడా దాటొచ్చు. అప్పుడు టన్నులు కాగితం మీద ఇట్టే వచ్చేస్తాయి, కానీ ఇంజిన్ మూలుగుతుంది, నడక తగ్గించక తప్పదు.

కంపెనీ అబద్ధం చెప్పిందని నేననను. కానీ ఏ మంచు, ఎంత లోతు, ఎంత వేగం అని చెప్పకుండా అంకె ఒక్కటే చెప్తే అది నిజం కూడా కాదు. 'ఇన్ని అడుగుల వరకు విసురుతుంది' అన్నప్పుడు ఆ 'వరకు' కూడా అలాంటిదే. లాన్‌మోవర్ల హార్స్‌పవర్ అంకెలు పెంచి చూపారని అమెరికాలో కోర్టుకెక్కితే, 2010లో కంపెనీలు రాజీకి రావాల్సి వచ్చింది.

ఇదంతా చాదస్తం అనుకోకండి. జనవరిలో మున్సిపాలిటీ బండి వాకిలి ముందు నెట్టిపోయిన గట్టి తడి మంచులో బావ మెషిన్ గొట్టం మూసుకుపోయింది. '60 టన్నులది, దీనికే ఆగిందేంటి' అని విసుక్కుని, ఇంజిన్ ఆపి గొట్టంలో చెయ్యి పెట్టబోయారట. అక్క అరవబట్టి ఆగారు. ఇంజిన్ ఆపినా లోపల బిగువు మిగిలి ఉంటే, అడ్డు తీయగానే రెక్కలు ఒక్కసారి తిరుగుతాయి. వేళ్లు పోతాయి. కర్రతోనే తీయాలి.

అందుకే కొనేటప్పుడు టన్నులు చూడకండి. వెడల్పు, నోటి ఎత్తు, ఇంజిన్ సీసీ చూడండి, తడి మంచులో వాడినవాళ్లని అడగండి. రేపు మనలోనే ఎవరో ఒకరు ఇలాంటి డబ్బా మీద అంకె రాస్తారు. రాసేటప్పుడు పక్కనే సాంద్రత కూడా రాయండి.