రిపోర్టు వచ్చింది, గుండె చప్పుడు ఎవరు విన్నారు?

లాలాపేట, నాచారం, ఉప్పల్ బస్తీల్లో ఇవాళ రక్తం టెస్టు చేయించుకోవడం పెద్ద కష్టం కాదు. 2018లో బస్తీ దవాఖానాలు, తెలంగాణ డయాగ్నొస్టిక్స్ మొదలయ్యాక పేదవాడికి పరీక్షల ఖర్చు చాలావరకు తప్పింది. నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ఆవరణలో ఒక కేంద్ర ప్రయోగశాలతో మొదలైన ఈ ఏర్పాటులో తొలినాళ్లలో 57 రకాల ఉచిత పరీక్షలుండేవి, 2023లో అవి 134కు పెరిగాయి. పొద్దున రక్తం ఇస్తే ఫలితం ఫోన్‌కే వస్తుంది. నాచారం పారిశ్రామికవాడలో ఏ రోజు కూలి ఆ రోజు తెచ్చుకునే కుటుంబానికి ఇది చాలా పెద్ద మేలు, దాన్ని తగ్గించమని ఎవరూ అడగకూడదు. అయితే పరీక్షలు ఇంత సులువైన కొద్దీ వైద్యంలో ఒక ముఖ్యమైన పని వెనక్కి పోతోంది. అది రోగిని తాకి, చూసి, విని పరీక్షించడం. చాలాచోట్ల మనిషి కుర్చీలో కూర్చునేలోపే టెస్టుల చీటీ సిద్ధమవుతుంది, మర్నాడు రిపోర్టు చూసి మందులు రాస్తారు. ఈ రెంటి మధ్యలో గుండె చప్పుడు విన్నవారు ఉండరు. గుండె వినకుండా రాసిన రక్త పరీక్ష సగం పరీక్షేనని, ఆ మిగతా సగం కూడా ఉచిత వైద్యంలో భాగం కావాలని నా వాదన.

మన దగ్గర అందరికీ తెలిసిన అంకె హిమోగ్లోబిన్. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి, ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. ఈ అంకెలు భయపెట్టాల్సినవే. కానీ ఇవి ఎలా వచ్చాయో కూడా తెలియాలి. ఆ సర్వేలో వేలి కొన గుచ్చి తీసిన చుక్కతో, చేతిలో పట్టే చిన్న యంత్రంతో కొలిచారు. రక్తం సరిగా రాక వేలిని నొక్కితే కణజాలంలోని నీరు కూడా చుక్కలో కలిసి అంకె మారుతుంది. 2016–18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో పిల్లలకు సిర నుంచి రక్తం తీసి ప్రయోగశాలలో పరీక్షిస్తే రక్తహీనత అంతకన్నా తక్కువగా తేలింది. లాలాపేటకు కూతవేటు దూరంలో తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ కూడా తన ఆహార, జీవసూచికల సర్వేకు సిర రక్తాన్నే ఎంచుకుంది. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు కూడా సిర రక్తం, ఆటోమేటిక్ యంత్రం మేలని చెప్పాయి. ఒక జాతి ఆరోగ్యాన్ని చెప్పే అంకే చుక్క తీసిన తీరును బట్టి మారుతున్నప్పుడు, ఒక మనిషి రిపోర్టులోని అంకెను ఆ మనిషిని చూడకుండా నమ్మడం ఎంతవరకు సరి?

అంకె సరిగానే వచ్చిందనుకుందాం. ‘రక్తం తక్కువుంది’ అన్న మాట జ్వరం ఉందన్నట్టు ఒక లక్షణం చెబుతుందే తప్ప జబ్బు పేరు చెప్పదు. ఇనుము లోపం ఉండొచ్చు, నెలసరిలో అధిక స్రావం ఉండొచ్చు, మొలలు ఉండొచ్చు, బి12 లేదా ఫోలేట్ తగ్గి ఉండొచ్చు, తలసీమియా వాహకులై ఉండొచ్చు, ఎక్కడో దీర్ఘకాలంగా ఇన్‌ఫెక్షన్ రగులుతూ ఉండొచ్చు. ఆ సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలోనే కౌమార వయసువారి రక్తహీనతలో ఇనుము లోపం వాటా దాదాపు ఐదో వంతు, ఫోలేట్ లేదా బి12 లోపం వాటా నాలుగో వంతు. మనం మాత్రం అందరి చేతిలోనూ అదే ఇనుము మాత్ర పెడతాం. ఆ మాత్రలో ఇనుముతో పాటు ఉండే ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకుడని చెప్పుకోవడం గర్వంగా ఉంటుంది. 1925లో రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ఫిస్కేతో కలిసి రూపొందించింది కూడా ఆయనే. కొలత విలువ తెలిసిన ఆ శాస్త్రవేత్త జీవితమంతా కొలతల వెనక కారణాన్ని వెతుకుతూనే గడిపారు. సీబీపీ అనే రక్తకణాల పరీక్ష రిపోర్టులో హిమోగ్లోబిన్ కింద ఉండే ఎంసీవీ అనే అంకె ఎర్ర కణం పరిమాణం చెబుతుంది, అది కొంత దారి చూపిస్తుంది. మిగతా దారి మాత్రం రోగి చెప్పే కథలోనూ, ఒంట్లోనూ ఉంటుంది.

గుండె చప్పుడు అక్కర ఇక్కడే. మొదటి చప్పుడు గుండె పై గదులకూ కింది గదులకూ మధ్యనున్న వాల్వులు మూసుకునేటప్పటిది. రెండోది బృహద్ధమని, పుపుస ధమని మొదట్లోని వాల్వులు మూసుకునేటప్పటిది. ఊపిరి పీల్చినప్పుడు రెండో చప్పుడు కొద్దిగా చీలి, వదిలినప్పుడు మళ్లీ కలుస్తుంది. పై గదుల మధ్య గోడలో రంధ్రం ఉన్నవారిలో ఆ చీలిక ఊపిరితో మారదు. ఇక రక్తహీనత ముదిరినప్పుడు రక్తం పలచబడుతుంది, ఒంటికి ఆక్సిజన్ చాలక గుండె వేగంగా, ఎక్కువెక్కువగా నెడుతుంది. ఆ పలచని రక్తం వడిగా పారుతూ సుడులు తిరగడం వల్ల వాల్వులు బాగున్నా మర్మర్ అనే అదనపు శబ్దం వినిపిస్తుంది. అది గుండె ముడుచుకునేటప్పుడు మెత్తగా వినిపిస్తుంది, రక్తం పెరిగితే పోతుంది. గుండె విప్పారేటప్పుడు వినిపించే మర్మర్ సంగతి వేరు, దాన్ని రక్తం తక్కువై వచ్చిందిలే అని వదిలేయడానికి వీల్లేదు. అంటే మర్మర్‌కు అర్థం హిమోగ్లోబిన్ చెబుతుంది, హిమోగ్లోబిన్‌కు అర్థం మర్మర్ చెబుతుంది. వాల్వు మీద సూక్ష్మజీవులు చేరిన రోగి సంగతి చూడండి. వారాల తరబడి సన్న జ్వరం, తగ్గుతున్న హిమోగ్లోబిన్, పెరిగిన ఈఎస్‌ఆర్. రిపోర్టు వరకే చూస్తే అది రక్తహీనత, ఏదో ఇన్‌ఫెక్షన్. గుండె మీద చెవి పెట్టి కొత్త మర్మర్ విన్న డాక్టరైతే యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్‌కు పంపిస్తారు. వినకుండా నాలుగు రోజుల యాంటీబయాటిక్ రాసేస్తే, ఆ తర్వాత కల్చర్ చేసినా క్రిమి దొరక్కపోవచ్చు. అప్పుడు ప్రాణాంతకమైన జబ్బుకు సరైన మందు ఏదో తేల్చుకోవడమే కష్టమవుతుంది.

దీనికి వ్యతిరేక దిశలోనూ నష్టం జరుగుతోంది. మోకాళ్లు నొప్పి అంటున్న బడి పిల్లవాడికి ఏఎస్‌ఓ చేయించి, అది ఎక్కువుందని కీళ్లవాత జ్వరం ముద్ర వేసి, మూడు వారాలకోసారి పెనిసిలిన్ ఇంజెక్షన్ మొదలుపెట్టడం మన ఊళ్లలో కొత్త కాదు. ఏఎస్‌ఓ చెప్పేది ఈమధ్య స్ట్రెప్టోకాకస్ సోకి పోయిందన్న సంగతి మాత్రమే. గొంతునొప్పులు మామూలైన వయసులో ఆ గుర్తు ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో కూడా కనిపిస్తుంది. 1944లో రూపొంది 2015లో సవరణ పొందిన జోన్స్ ప్రమాణాల్లో గుండె వాపు, కీళ్ల వాపు ప్రధాన లక్షణాలు, ఏఎస్‌ఓ తోడు సాక్ష్యం మాత్రమే. వైడల్ కథ కూడా ఇంతే. 1896 నాటి ఆ పరీక్షను ఒక్కసారి చేసి టైఫాయిడ్ అని తేల్చేయకూడదని తెలిసీ, జ్వరమొచ్చిన ప్రతివాడికీ రాస్తున్నాం. ఒంటిని చూడకుండా రాసిన పరీక్ష ఉన్న జబ్బును దాచగలదు, లేని జబ్బును తెచ్చిపెట్టగలదు.

యంత్రం చెప్పింది అందరికీ ఒకటే, చెవి మాత్రం మనిషికో రకంగా వింటుంది, కాబట్టి అంకెనే నమ్ముదాం అనేవారున్నారు. ఒకే సూచిక మీద అంత నమ్మకం పెట్టుకుంటే ఏమవుతుందో హైదరాబాద్‌కు ఒకసారి అనుభవమే. 1888, 1889ల్లో నిజాం ఖర్చుతో ఇక్కడ మత్తుమందు క్లోరోఫామ్ మీద రెండు కమిషన్లు పనిచేశాయి. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ వాటిని నడిపించారు, రెండోదానికి లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ లండన్ నుంచి వచ్చారు. ఎన్నో జంతువుల మీద ప్రయోగాలు చేసి, క్లోరోఫామ్ ముందు ఆపేది శ్వాసనేనని, మత్తు ఇచ్చేవాడు ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలని తేల్చారు. శ్వాసను గమనించమనడం మంచి సలహానే. నాడిని గమనించనక్కర్లేదనడం తప్పు. తేలికపాటి క్లోరోఫామ్ మత్తులో గుండె కింది గదులు లయ తప్పి అదిరి, ఉన్నట్టుండి ఆగిపోగలవని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించారు. కమిషన్ కొలతలు ఎంత శ్రద్ధగా చేసినవైనా, చూడనక్కర్లేదన్న చోటే ప్రమాదం ఉంది.

నిజంగా బలమైన అభ్యంతరం ఇంకొకటి ఉంది: టూడీ ఎకో ఉండగా స్టెతస్కోప్ ఎందుకు? దీని వెనక గట్టి ఆధారముంది. 2007లో కాంబోడియా, మొజాంబిక్ బడి పిల్లల మీద ప్రచురించిన అధ్యయనంలో కీళ్లవాత జ్వరం వల్ల వచ్చే రుమాటిక్ గుండె జబ్బు డాక్టర్లు విని పట్టుకున్నది వెయ్యికి రెండు చొప్పున ఉంటే, ఎకోలో కాంబోడియాలో వెయ్యికి 21, మొజాంబిక్‌లో 30 బయటపడ్డాయి. పదింతల తేడా. పైకి బాగానే ఉన్న పిల్లలను వడపోయడంలో చెవి ఓడిపోయిందని ఒప్పుకోవాల్సిందే. బడుల్లో చేతి ఎకో యంత్రాలతో పరీక్షించే కార్యక్రమం పెడితే నేను ముందుగా సమర్థిస్తాను. కానీ బస్తీ దవాఖానాకు వచ్చేది పైకి బాగున్న పిల్లవాడు కాదు, ఆయాసం, దడ, నీరసం అంటూ వచ్చే మనిషి. వారందరికీ అదే రోజు ఎకో చేయలేం. ఎవరిని గాంధీ ఆసుపత్రికో ఉస్మానియా ఆసుపత్రికో పంపాలి, ఎవరికి మాత్రలిచ్చి నెల ఆగి మళ్లీ చూడాలి అన్నది అక్కడికక్కడే తేలాలి. ఆ నిర్ణయానికి ఇవాళ చాలాచోట్ల వాడుతున్నది ఒక్క సీబీపీ. దానికి వినికిడి తోడైతే ఎకో యంత్రం కూడా అవసరమైనవారికే ముందు అందుతుంది.

డాక్టర్లకు వినడం వచ్చా అన్నది కూడా న్యాయమైన ప్రశ్నే. 1997లో అమెరికాలో శిక్షణలో ఉన్న వైద్యులను రికార్డు చేసిన గుండె చప్పుళ్లతో పరీక్షిస్తే వారు గుర్తుపట్టింది ఐదింట ఒకటి. మన దగ్గర అంతకన్నా గొప్పగా ఉంటుందని అనుకోవడానికి నాకు ఏ కారణమూ కనిపించదు. అయితే ఇది నేర్పితే వచ్చే విద్య. ఒక్కో మర్మర్‌ను వందలసార్లు వినిపిస్తే విద్యార్థులు గుర్తుపట్టే శక్తి బాగా పెరుగుతుందని తర్వాతి పరిశోధనలు చూపాయి. అందుకు కావలసినవి ఒక రికార్డింగు, ఒక ఇయర్‌ఫోను, కొన్ని సాయంత్రాలు. ఇక టైము లేదన్న మాట. గుండె మీద నాలుగు చోట్ల వినడానికి పట్టేది రెండు, మూడు నిమిషాలు. వందమంది నిలబడ్డ లైనులో అది కూడా ఎక్కువేనని నాకు తెలుసు. అందుకే అందరికీ ఒక్కసారిగా కాకుండా, ఆలస్యమైతే ప్రాణం పోయేవారితో మొదలుపెట్టమంటాను.

వారు గర్భిణులు. గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం పరిమాణం 40 నుంచి 50 శాతం పెరుగుతుంది. కణాలకన్నా నీరు ఎక్కువ పెరగడంతో హిమోగ్లోబిన్ సహజంగానే కొంత తగ్గుతుంది, ఆయాసమూ సహజమే. గుండెలోని మిట్రల్ వాల్వు సన్నబడిన స్త్రీ ఈ రెండు సహజాల మాటున దాగిపోతుంది. పెళ్లినాటికి తెలియని జబ్బు ఏడు, ఎనిమిది నెలలు వచ్చేసరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరేదాకా పోతుంది. అంతదాకా ఆమెకు దొరికేది ‘రక్తం తక్కువుంది, అందుకే ఆయాసం’ అన్న జవాబు. ఆ వాల్వు చప్పుడు మంద్రస్థాయిలో ఉంటుంది. ఆమెను ఎడమ పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టి, స్టెతస్కోప్ గంట వైపును రొమ్ము కింద గుండె కొన మీద తేలికగా ఆనిస్తే తప్ప వినిపించదు. జనం మధ్య, కూర్చోబెట్టి, చీర మీద నుంచో బురఖా మీద నుంచో వింటే వినిపించదు. మన బస్తీ ఆడవాళ్ల గుండె వినకుండా ఉండిపోవడానికి డాక్టరు నిర్లక్ష్యం కన్నా తెర లేకపోవడం, బల్ల లేకపోవడం, పక్కన నిలబడే నర్సు లేకపోవడం పెద్ద కారణాలని నా అనుమానం. తల్లీబిడ్డల రక్షణ కార్డులో గుండె పరీక్షకు గడి ఉంది. లాలాపేట, నాచారం, ఉప్పల్ పరిధిలోని ప్రతి ఆరోగ్య కేంద్రంలోనూ తొలి నమోదు నాడు ఆ గడిని డాక్టరు స్వయంగా విని నింపాలి, విన్నది ఏమిటో రెండు ముక్కల్లో రాయాలి, వినలేకపోతే వినలేదని రాయాలి. డయాగ్నొస్టిక్స్‌కు పంపే చీటీ మీద కూడా పరీక్షలో కనిపించింది రాయడానికి ఒక వరుస ఉండాలి, అది ఖాళీగా ఉన్న చీటీలు ఎన్నో నెలనెలా లెక్క తీయాలి. 134 పరీక్షలకు డబ్బు పెట్టగలిగిన ప్రభుత్వం ప్రతి కేంద్రానికీ ఒక తెర, ఒక బల్ల, ఒక నర్సు ఈ ఏడాదే ఇవ్వగలదు.